త్రాసుకు రెండు తట్టలు

ఆవపల్లిలో బరువు తగ్గటం ఆపదకు సూచన. నగరంలో అదే ఒక వ్రతం. రెండుచోట్లా ప్రశ్న ఒక్కటే: కంచంలో ఏమున్నది?

ఉయ్యాలవంటి గుడ్డ జోలెలో బిడ్డను కూర్చుండబెట్టి, దూలానికి వ్రేలాడే త్రాసు కొక్కేనికి తగిలిస్తారు. బిడ్డ కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తుంది. ముల్లు అటూఇటూ ఊగి ఒక అంకె దగ్గర నిలుస్తుంది. ఆ అంకె క్రిందటి నెలకంటె ఎక్కువైతే తల్లి తేలికగా ఊపిరి పీల్చుకుంటుంది. తక్కువైతే ఆమె ముఖం వాడిపోతుంది. అంగన్‌వాడీ కార్యకర్త రంగుల పట్టీని తీసి బిడ్డ దండచేతి చుట్టూ చుట్టి చూస్తుంది. ఆ కొలత 11.5 సెంటీమీటర్లకు లోపల ఉంటే బిడ్డ తీవ్రమైన పోషకాహార లోపంలో ఉన్నట్లు లెక్క. అటువంటి బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి చేర్చవలసి రావచ్చు.

బస్తరు దక్షిణపు కొసన, నేటి బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో ఉన్న ఆవపల్లి వంటి గ్రామాలలో త్రాసుకు ఉన్న అర్థం ఇది. అదే సమయాన హైదరాబాదులోనో, విజయవాడలోనో ఒక గృహిణి స్నానాల గది ప్రక్కనున్న తూకపు యంత్రం మీద నిలబడి క్రిందికి చూస్తుంది. అంకె తగ్గితే ఆమె సంతోషిస్తుంది. పెరిగితే ఆనాటి రాత్రి భోజనం మానివేస్తుంది. రెండు ఊళ్ళకూ నడుమ దూరం కొన్ని వందల కిలోమీటర్లే. త్రాసు ముల్లు మాత్రం ఒకచోట కుడివైపు కదిలితే పండుగ, మరొకచోట ఎడమవైపు కదిలితే పండుగ.

ఈ రెండు దృశ్యాలను విడివిడిగా చూచినంతకాలం రెండూ సరిగా అర్థం కావు. కలిపి చూచినప్పుడే ఆహారానికీ, బరువుకూ, ఆరోగ్యానికీ గల అసలైన సంబంధం బోధపడుతుంది.

అడవి పెట్టిన పంచాంగం

ఆవపల్లి బీజాపూర్ పట్టణం నుండి బాసగూడ వెళ్ళే దారిలో ఉన్నది. ఒకప్పుడు బస్తరు సంస్థానంలోను, తరువాత మధ్యప్రదేశ్‌లోను ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో భాగమైనది. బీజాపూర్ 2007లో ప్రత్యేక జిల్లా అయినది. గోదావరికి ఆవలి ఒడ్డునున్న తెలుగు సీమతో ఈ ప్రాంతానికి పూర్వంనుండీ రాకపోకలున్నాయి. ఇక్కడి దోర్లాల మాట కోయ భాషకు దగ్గరి చుట్టం. సంతలో తెలుగు మాట వినిపించటం ఈ సీమలో వింత కాదు. మిరప కోతల కాలంలో వందలాది కుటుంబాలు ఖమ్మం, భద్రాచలం, ములుగు ప్రాంతాలకు కూలికి పోయి వస్తుంటాయి.

ఇక్కడివారి ఆహారానికి అడవే పంచాంగం. వేసవి ఆరంభంలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే స్త్రీలు, పిల్లలు బుట్టలతో బయలుదేరి ఏరి తెస్తారు. సారాయికే గాక, ఎండబెట్టి, ఉడికించి తినటానికి కూడా ఇప్పపువ్వు ఉపయోగపడేది. తీపి పాలు ఎక్కువగా ఉండటంచేత గింజలు నిండుకున్న రోజులలో అది ఆకలిని ఆపేది. తరువాత తునికిపండ్లు, సారపండ్లు, మామిడి, చింత వస్తాయి. తొలకరి పడగానే ఆకుకూరలు, పుట్టగొడుగులు, లేత వెదురు కొమ్ములు దొరుకుతాయి. వాగులలో చేపలు, పొలం గట్లలో పీతలు ఉంటాయి. ఎర్రచీమలను గూళ్ళతో సహా తెచ్చి, మిరపకాయ, ఉప్పు కలిపి నూరిన పుల్లని పచ్చడిని బస్తరులో చాపడా అంటారు. మాంసకృత్తులు దొరికే మార్గాలలో అది కూడా ఒకటి. దీనికి తోడు పొలాలలో వరి, మెట్ట చెలకలలో సామలు, అరికలు, రాగులు పండేవి. రాగిపిండితోగాని నూకలతోగాని కాచిన పలుచని జావను సొరకాయ బుర్రలో పోసుకొని పనికి పోవటం ఇక్కడివారి అలవాటు. దప్పికకు, ఆకలికి కూడా అదే మందు.

ఈ భోజనాన్ని స్వర్ణయుగపు విందుగా ఊహించుకోవటం పొరపాటు. వానకాలంలో గాదెలు ఖాళీ అయ్యేవి. కొత్త పంట వచ్చేవరకు దుంపలే గతి. వాటిలో కొన్నింటిని పారే నీటిలో నానబెట్టి చేదునూ విషాన్నీ పోగొట్టనిదే తినటానికి వీలుకాదు. ఉప్పు కొరత మరొక బాధ. మైదానపు నగరాలలో మిఠాయిలకు అధిక ధర పలికే సారపప్పును ఒకప్పుడు బస్తరు సంతలలో సమానమైన తూకం ఉప్పు ఇచ్చి వర్తకులు తీసుకుపోయేవారు. కొవ్వు, మాంసకృత్తులు నిండిన పప్పు ఒక తట్టలో, ఉప్పు రాళ్ళు మరొక తట్టలో ఉండేవి. త్రాసు సమంగానే నిలిచేది, కాని బేరం సమమైనది కాదు.

అయినా ఆ ఆహారంలో ఒక గుణమున్నది. ఏడాది పొడుగునా ఏదో ఒక రకం మారుతూ ఉండేది. ఒక గింజలో లేనిది మరొక ఆకులో, ఆకులో లేనిది చేపలో దొరికేది.

బియ్యం వచ్చిన తరువాత

ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2012లో ఆహార భద్రతా చట్టాన్ని చేసినది. పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టాన్ని చేయటానికి అది ఒక ఏడాది ముందు. పేద కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం నామమాత్రపు ధరకు అందించాలన్నది అందులోని ముఖ్య విషయం. ఆదివాసీ ప్రాంతాలలో చవక శనగలు, ఉచితంగా అయోడిన్ ఉప్పు కూడా చేర్చారు. వానకాలపు ఆకలిని తగ్గించటంలో ఈ బియ్యం చేసిన మేలు చిన్నది కాదు. పొయ్యి వెలగని ఇంటిలో సమతులాహారం గురించి ఉపన్యసించటం పరిహాసం.

కాని కడుపు నిండటం వేరు, దేహం నిండటం వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలను చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 100 గ్రాముల రాగులలో సున్నం, అనగా కాల్షియం, సుమారు 364 మిల్లీగ్రాములు ఉంటుంది. మరపట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు కూడా లేదు. పీచు పదార్థం రాగులలో 11 గ్రాములుండగా బియ్యంలో 3 గ్రాములకు లోపే. ఇనుము రాగులలో 4 మిల్లీగ్రాములకు పైగా ఉంటే బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. శక్తినిచ్చే కేలరీలలో మాత్రం బియ్యమే కొంచెం ముందున్నది. అంటే పొయ్యిలో కట్టెలు నిండుగా ఉన్నవి గాని, ఇల్లు కట్టటానికి ఇటుకలు లేవన్నమాట.

ఈ విషయం కొత్తది కాదు. జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే బియ్యంతో ముడిపడి ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని గురించి పరిశోధించటానికి ఒకే గదిలో ప్రారంభించిన ప్రయోగశాల అది. బియ్యపు పొట్టుతోపాటు పోయే విటమిను లోపించటమే ఆ వ్యాధికి మూలం. మెక్‌కారిసన్ భారతదేశపు వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి చూచాడు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పు, కూరలతో కూడిన పంజాబు ఆహారం తిన్న ఎలుకలు బలంగా, బరువుగా పెరిగినవి. బియ్యం ప్రధానమైన మద్రాసు ఆహారం తిన్న ఎలుకలు అన్నింటికంటె చిన్నవిగా నిలిచినవి. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో నేటి పేరు పొందినది. ఆనాటి ఎలుకల పాఠం మాత్రం నేటికీ పాతబడలేదు.

బరువు పెరగటమే మందు అయినచోట

దక్షిణ బస్తరులో బరువు తగ్గటానికి ఎవరూ ప్రయత్నించరు. అది దానంతటదే తగ్గుతుంది. మలేరియా జ్వరం రక్తాన్ని హరిస్తుంది. ఈ వ్యాధిని తొలగించటానికి బస్తరు డివిజనులో 2020 జనవరి నుండి ఇంటింటికీ వెళ్ళి రక్తపరీక్షలు చేసే ఉద్యమం నడిపారు. కాని మెల్లగా, మౌనంగా మనిషిని కరిగించే వ్యాధి మరొకటున్నది. దాని పేరులోనే తరిగిపోవటం ఉన్నది. అదే క్షయ.

ఛత్తీస్‌గఢ్‌లోనే, బిలాస్‌పూర్ సమీపాన గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ నడిపే ఆసుపత్రి ఉన్నది. అక్కడకు చికిత్సకు వచ్చిన 1695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగుల వివరాలు 2013లో ప్రకటితమైనవి. వచ్చిననాటికి పురుషుల సగటు బరువు సుమారు 42 కిలోలు. స్త్రీల బరువు సుమారు 34 కిలోలు. నగరంలో పది పన్నెండేళ్ళ పిల్లల బరువు అది. ఎంత తక్కువ బరువుతో వస్తే అంతగా మరణభయం హెచ్చుతున్నదని ఆ వైద్యులు గుర్తించారు.

అప్పుడు వారికి కలిగిన ప్రశ్న సులభమైనది: మందుతోపాటు అన్నం కూడా పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం పొరుగు రాష్ట్రమైన జార్ఖండ్‌లో లభించినది. 2019 నుండి 2022 వరకు నాలుగు జిల్లాలలో 2800 మంది క్షయ రోగులను, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబ సభ్యులను చేర్చుకొని అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవల బృందం ఒక పరిశోధన నడిపినది. రోగులందరికీ నెలనెలా ఆహారపు మూట అందినది. కొన్ని ప్రాంతాలలో కుటుంబ సభ్యులకు కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. మిగిలిన ప్రాంతాల కుటుంబాలకు అవి ఇవ్వలేదు.

ఫలితాలు 2023 ఆగస్టులో ప్రచురితమైనప్పుడు ప్రపంచ వైద్యలోకం దృష్టి అటు మళ్ళినది. ఆహారం అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ సోకటం 39 శాతం తగ్గినది. ఇతరులకు అంటుకొనే ఊపిరితిత్తుల క్షయ దాదాపు సగానికి సగం తగ్గినది. రోగుల విషయంలో మొదటి రెండు నెలలలో శరీరపు బరువు 5 శాతం పెరిగినవారికి మరణభయం 61 శాతం తక్కువైనది. 40 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు. కొద్దిపాటి కండ, పిడికెడు పప్పు ఒక ప్రాణాన్ని నిలబెట్టగలవని ఇంత స్పష్టంగా చెప్పిన పరిశోధన అరుదు. క్షయ రోగులకు పోషణ నిమిత్తం కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చినది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచినది.

రెండవ తట్ట

ఇక త్రాసు రెండవ తట్టను చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 23 శాతం మంది ఉండవలసినదానికంటె తక్కువ బరువున్నారు. అధిక బరువుగలవారు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువుగల స్త్రీలు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన సర్వే దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు అంచనా వేసినది. కాబట్టి నగరవాసికి బరువును గురించిన భయం అకారణమైనది కాదు. భయపడిన మనిషి పట్టుకొనే దారి ఏది అన్నదే ప్రశ్న.

తెలుగునాట ఈ దారులకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారాన్ని బోధించారు. 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతిలో అన్నం, చక్కెర పూర్తిగా మాని కొవ్వునే ఇంధనంగా చేసుకోవాలి. కడప జిల్లా ప్రొద్దుటూరులో జన్మించి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు అనే అయిదు సిరిధాన్యాలను ప్రతిపాదించారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించినది. ఒకరు నూనె చుక్క వద్దంటే మరొకరు నూనెనే త్రాగమన్నారు. సభలు కిక్కిరిసినవి. ఊరూరా అనుయాయులు ఏర్పడ్డారు. బరువు తగ్గినవారూ ఉన్నారు. మళ్ళీ పెరిగినవారూ ఉన్నారు.

ఇందులో ఒక విచిత్రమున్నది. సిరిధాన్యాలలో చెప్పిన సామలు, అరికలు బస్తరు మెట్ట చెలకలలో తరతరాలుగా పండినవే. నాగరికులు వాటిని పేదల తిండి అన్నారు. చవక బియ్యం వచ్చిన తరువాత పండించినవారి కంచంలోనే అవి తగ్గినవి. ఇప్పుడు అవే నగరపు దుకాణాలలో అందమైన పొట్లాలలో బియ్యంకంటె హెచ్చు ధరకు అమ్ముడవుతున్నవి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2021లో చిరుధాన్యాల పథకాన్ని ప్రారంభించి, 2021-22లో అరికలు, సామలకు క్వింటాలుకు 3000 రూపాయలు, రాగులకు 3377 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించినది. రైతుకు ధర రావటం సంతోషమే. కాని ధర కోసం సామలన్నీ అమ్మి, ఇంటికి ఒట్టి బియ్యం మాత్రమే తెచ్చుకుంటే సారపప్పు, ఉప్పుల పాత బేరమే మళ్ళీ జరిగినట్లు.

ఆకలి నేర్పిన శాస్త్రం

త్వరగా బరువు తగ్గాలని కోరేవారు తెలుసుకోదగిన పరిశోధన ఒకటి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జరిగినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను వారి సమ్మతితోనే ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. కరువుపడిన ప్రజలకు తిరిగి ఆహారం ఎట్లా పెట్టాలో తెలుసుకోవటం ఆయన ఉద్దేశం. ఆ యువకుల బరువు సుమారు నాలుగోవంతు తగ్గినది. కేవలం కొవ్వే కాదు, కండ కూడా కరిగినది. గుండె నెమ్మదిగా కొట్టుకొన్నది. ఎండలో కూడా చలి వేసినది. విసుగు, దిగులు ఆవరించినవి. పగలూ రాత్రీ తిండి ఆలోచనే. మళ్ళీ ఆహారం దొరికినప్పుడు పోయిన కండ తిరిగి రావటానికి ముందే కొవ్వు పేరుకొన్నది. దేహం కరువును మరచిపోదు. నెలకు పది కిలోలు తగ్గించే పద్ధతులను అనుసరించి, తరువాత పూర్వంకంటె లావైనవారు ఈ విషయం గమనించాలి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు ఈ విషయంలో తొందరపాటు వద్దంటున్నవి. వారానికి అర్ధకిలో చొప్పున తగ్గటం క్షేమకరం. ఆహారాన్ని రోజుకు 1000 కేలరీలకంటె తగ్గించరాదు. రోజంతటి కేలరీలలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా, మిగిలినది పప్పులు, గింజలు, కూరగాయలు, పండ్లు, పాలు వంటివాటి నుండి రావాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. మధుమేహానికో, రక్తపోటుకో మందులు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా కఠినమైన ఆహార నియమాలలోకి దిగటం ప్రమాదకరం.

అసలు తూకమే సర్వస్వం కాదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మధుమేహానికి చేరువలో ఉన్న 531 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడినవి. ఆహారం సరిచేసుకొని క్రమం తప్పక నడిచినవారికి చెప్పుకోదగినంత బరువు తగ్గలేదు. అయినా మధుమేహం వచ్చే ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గినది. యంత్రం మీది అంకె కదలలేదని నిరాశపడి నడక మానేవారికి ఇంతకంటె ధైర్యవచనం లేదు.

సన్నదనమంతా ఆరోగ్యం కాదు

నగరవాసి ఆవపల్లివైపు చూచి, అడవిలో నడిచే ఆ సన్నని మనుషులకు ఈ రోగాలు రావనుకొనవచ్చు. అది భ్రమ. పూనా పరిసర గ్రామాలలో 1993లో ఆరంభమైన మాతాశిశు పరిశోధన ద్వారా డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఒక సంగతి కనుగొన్నది. తక్కువ బరువుతో పుట్టే మన శిశువులలో కండ తక్కువగా ఉన్నా, కొవ్వు మాత్రం అంతగా తగ్గటం లేదు. గర్భంలోనే కొరతను చవిచూచిన దేహం పెద్దయిన తరువాత తీపినీ, పిండినీ భరించలేదు. ఇంకొక మెట్టు ముందుకు పోతే, దీర్ఘకాలపు పోషకాహార లోపం వలననే వచ్చే మధుమేహం ఒకటున్నది. 1955లో జమైకాలో మొదట వర్ణించబడి, 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకెక్కి, 1999లో దాని నుండి తొలగించబడిన ఆ వ్యాధిని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో అయిదవ రకం మధుమేహంగా గుర్తించినది. అది లావైనవారి వ్యాధి కాదు, బక్కచిక్కిన యువతీయువకుల వ్యాధి. వారికి బరువు తగ్గమని చెప్పే సలహా ప్రాణాంతకం కాగలదు.

ఆవపల్లి శిశువు ఎదుట ఉన్న ప్రమాదం ఇదే. నేడు త్రాసు చూపే కొరత రేపు అదే బిడ్డను మధుమేహం వాకిట నిలబెట్టవచ్చు. సంతకు చక్కెర నీళ్ళ సీసాలు, చవక బిస్కెట్లు, నూనెలో వేయించిన పొట్లాలు వచ్చిచేరుతున్న కాలంలో ఈ ప్రమాదం మరింత దగ్గరైనది.

ఒకే కంచం

రెండు తట్టలకూ కావలసిన మందు విచిత్రంగా ఒక్కటే. ఆవపల్లి తల్లి చేయదగినది ఆమెకు తెలియనిది కాదు. చవక బియ్యాన్ని వదలనక్కరలేదు. దానితోపాటు ఒక పూట రాగిజావ, పిల్లలకు శనగలు, గ్రుడ్డు, వాగు చేప, వానకాలపు ఆకుకూర, ఇంటి పెరట మునగచెట్టు ఉంటే చాలు. అమ్మకానికి ముందు ఇంటికి సరిపడే సామలను గాదెలో ఉంచుకోవాలి. చౌకధరల దుకాణంలో బియ్యంతోపాటు చిరుధాన్యాలు, పప్పు, నూనె కూడా చేరితే ఆమె శ్రమ సగం తగ్గుతుంది. అయితే ఇది తల్లి చేతిలో లేదు, పాలకుల చేతిలో ఉన్నది.

నగరపు గృహిణికి కావలసినదీ దాదాపు ఇదే. అన్నం కుప్పను సగం చేసి, ఆ చోట పప్పును, కూరను నింపాలి. చక్కెరను, వేపుడును తగ్గించాలి. రోజూ నడవాలి. సామలు తినటంలో దోషం లేదు. కాని సామలే సంజీవని అని నమ్మి గిన్నెడు తింటే బరువు తగ్గదు. ఏ ఒక్క గింజా మనిషిని బ్రతికించలేదు, ఏ ఒక్క గింజా చంపలేదు. పెద్దలు షడ్రసోపేతమన్న మాటలోని అంతరార్థం రుచి ఒక్కటే కాదు, వైవిధ్యం కూడా.

అంగన్‌వాడీ దూలానికి జోలె ఇంకా ఊగుతూనే ఉన్నది. 2 అక్టోబరు 1975న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైననాటి నుండి దేశమంతటా ఇటువంటి త్రాసులు కోట్లాది బిడ్డలను తూచినవి. త్రాసు చేయగలిగినది తూచటం మాత్రమే. ముల్లు ఎటు కదలాలో నిర్ణయించేది మాత్రం వంటింటి కుండ. వచ్చే నెల ఆ తల్లి మళ్ళీ బిడ్డను తెచ్చి జోలెలో కూర్చుండబెడుతుంది. అప్పటికి అంకె రెండు వందల గ్రాములు పెరిగితే, ఆనాడు ఆవపల్లిలో అంతకంటె శుభవార్త ఉండదు.